చేసిపెట్టడం నుండి చేయనివ్వడం దాకా: బాలల రోబోటిక్స్ జట్లకు స్వచ్ఛంద శిక్షకుల తయారీ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాఠశాల విద్యార్థుల రోబోటిక్స్ పోటీలకు మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఈ పోటీల్లో పిల్లల జట్లను నడిపేవారిలో అధికభాగం జీతం తీసుకోని పెద్దలు: తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు. వారికి ఇచ్చే శిక్షణలో యంత్రజ్ఞానం కన్నా క్లిష్టమైన అంశం ఒకటుంది. పిల్లల పనిలో పెద్దల చేయి ఎంతవరకు ఉండాలన్నదే ఆ అంశం. ఈ ప్రశ్నకు స్కౌటు ఉద్యమం, అమెరికాలోని ఫస్ట్ సంస్థ, లెగో లీగ్, ప్రపంచ రోబో ఒలింపియాడ్, భారతదేశంలోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. తెలుగు క్రియారూపాలైన చేసిపెట్టడం, చేయించడం, చేయనివ్వడం అనే మూడింటిని విశ్లేషణకు ప్రమాణంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: రోబోటిక్స్, స్వచ్ఛంద శిక్షకులు, కోచ్, మెంటర్, ఫస్ట్, లెగో లీగ్, అటల్ టింకరింగ్ ల్యాబ్, ప్రేరణార్థకం.

1. ఉపోద్ఘాతం:

అక్షరాభ్యాసంనాడు పెద్దలు పిల్లవాడి చేయి పట్టుకొని పళ్ళెంలోని బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారు. ఆనాటి అక్షరం పిల్లవాడి వేలితో రాసినదే అయినా ఆ వేలిని నడిపింది పెద్దల చేయి. ఆ చేయి ఎప్పుడో ఒకనాడు వదలాలి. వదలకపోతే రాత రాదు, మరీ ముందుగా వదిలితే గీత నిలవదు. విద్యాచరిత్రలో ఈ ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు స్థిరమైన జవాబు దొరకలేదు.

రోబోటిక్స్ జట్లలో ఇదే ప్రశ్న మరింత తీవ్రరూపంలో ఎదురవుతుంది. దీనికి కారణాలు మూడు. మొదటిది, పోటీకి గడువు ఉంటుంది. రెండవది, తయారైన యంత్రం అందరి ముందు పనిచేయాలి. మూడవది, పెద్దలకు ఆ పని చేయడం ఇష్టం. చక్రం తిరగక తంటాలు పడుతున్న పిల్లవాణ్ణి చూస్తూ ఊరకుండటం ఇంజనీరుకు కష్టం. అందువల్ల శిక్షకుల తయారీ చరిత్రను పెద్దల చేతికి హద్దు నిర్ణయించే ప్రయత్నాల చరిత్రగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. పదచరిత్ర – మూడు క్రియలు:

ఈ రంగంలో విరివిగా వినిపించే పదాలు రెండు: కోచ్, మెంటర్. ‘కోచ్’ అన్న మాటకు మూలం హంగేరీలోని కోచ్ అనే గ్రామం. ఆ ఊరి పేరు అక్కడ తయారైన గుర్రపు బండికి, ఆ బండి ద్వారా యూరప్ భాషలకు సంక్రమించింది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లాండు విశ్వవిద్యాలయ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు అధ్యాపకుణ్ణి ఈ మాటతో వ్యవహరించారు. విద్యార్థిని ఎక్కించుకొని గమ్యం చేర్చే వాహనమన్నది అందులోని భావం. ఆ తర్వాతే ఆ మాట క్రీడారంగానికి చేరింది.

‘మెంటర్’ హోమర్ ఒడిస్సీలోని పాత్ర పేరు. యులిసీస్ దూరదేశంలో ఉండగా అతని కుమారుడు టెలిమాకస్‌కు ఎథీనా దేవత ఈ మెంటర్ రూపంలోనే తోడుగా వెళుతుంది. 1699లో ఫ్రెంచి రచయిత ఫెనెలాన్ టెలిమాకస్ కథను తిరిగి రాసిన తర్వాత ఈ పేరు సామాన్య నామంగా వ్యాప్తి చెందింది. ఇక్కడి భావం వెంట నడవడం, ప్రయాణం మాత్రం శిష్యుడిది.

తెలుగులో మనం వాడే ‘శిక్షకుడు’ అన్న మాటలోని శిక్ష సంస్కృతంలో విద్య. వ్యవహారంలో మాత్రం దండన అన్న అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. అయితే ఈ చర్చకు నామవాచకాల కన్నా తెలుగు క్రియారూపాలు ఎక్కువ ఉపకరిస్తాయి. ‘చేయు’ ధాతువుకు సహాయక క్రియ చేరితే ‘చేసిపెట్టు’ అవుతుంది. అంటే ఒకరి పనిని వారికోసం మరొకరు చేయడం. ప్రేరణార్థక ప్రత్యయం చేరితే ‘చేయించు’ అవుతుంది. ఇక్కడ పని ఒకరిది, సంకల్పం మరొకరిది. ‘ఇచ్చు’ చేరితే ‘చేయనిచ్చు’ అవుతుంది. ఇక్కడ పనీ సంకల్పమూ చేసేవారివే, పక్కనున్నవారిది అనుమతి మాత్రమే. పిల్లల జట్టు పక్కన నిలబడిన పెద్దమనిషి ప్రతి నిమిషం ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకుంటూనే ఉంటాడు.

3. పూర్వరంగం – గిల్వెల్ పార్క్, 1919:

యువజన కార్యక్రమాల్లో స్వచ్ఛందంగా పనిచేసే పెద్దలకు క్రమబద్ధమైన శిక్షణ అవసరమన్న ఆలోచన రోబోలకు చాలా ముందరిది. 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ నిర్వహించిన ప్రయోగాత్మక శిబిరం స్కౌటు ఉద్యమానికి నాంది. ఆ శిబిరంలో బాలురను చిన్న దళాలుగా విభజించి, ఒక్కొక్క దళానికి ఒక బాలుణ్ణే నాయకుడిగా నియమించారు. ఉద్యమం విస్తరించిన కొద్దీ ఈ పద్ధతిని అర్థం చేసుకున్న పెద్దల కొరత ఏర్పడింది. పిల్లలకు ఆజ్ఞలివ్వడం తెలిసినవారు చాలామంది ఉన్నారు. దళనాయకుడికి అధికారం అప్పగించి తాము పక్కకు జరగగలవారు తక్కువ.

1919 సెప్టెంబరులో లండన్ సమీపంలోని గిల్వెల్ పార్క్‌లో మొదటి ‘వుడ్ బ్యాడ్జ్’ శిక్షణ జరిగింది. శిక్షణకు వచ్చిన పెద్దలనే దళాలుగా విభజించి, బాలుర మాదిరిగా శిబిర జీవితం గడిపించారు. పిల్లవాడి స్థానంలో తాను కూర్చుంటే తప్ప ఆ స్థానంలోని కష్టం, ఆనందం పెద్దలకు బోధపడవన్నది ఇందులోని సూత్రం. శిక్షకుణ్ణి కొంతకాలం శిష్యుణ్ణి చేయడమనే ఈ పద్ధతి తర్వాతి కాలపు శిక్షణలన్నింటికీ ఒక గీటురాయి.

4. ఎం.ఐ.టి. తరగతి గది నుండి ఫస్ట్ పోటీకి:

1970లలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య వుడీ ఫ్లవర్స్ యంత్ర రూపకల్పన పాఠ్యాంశాన్ని కొత్త పద్ధతిలో బోధించాడు. విద్యార్థులందరికీ ఒకే రకమైన సామగ్రి ఇచ్చేవారు. ఆ సామగ్రితో ప్రతి ఒక్కరూ సొంత ఆలోచన ప్రకారం ఒక యంత్రం తయారుచేయాలి. చివరికి ఆ యంత్రాలు అందరి ఎదుట పోటీపడేవి. సామగ్రి సమానం, సమస్య సమానం, పరిష్కారం మాత్రం ఎవరిది వారిదే. అధ్యాపకుడి దగ్గర ‘సరైన జవాబు’ లేకపోవడం ఈ తరగతి ప్రత్యేకత.

ఆవిష్కర్త డీన్ కేమెన్ 1989లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఫస్ట్ సంస్థను స్థాపించాడు. విజ్ఞానశాస్త్ర సాంకేతికతల పట్ల స్ఫూర్తి, వాటికి గుర్తింపు అన్న అర్థం గల ఆంగ్ల పదబంధానికి సంక్షిప్తరూపమే ఆ పేరు. ఫ్లవర్స్ సహకారంతో మొదటి పోటీ 1992లో మాంచెస్టర్ పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో జరిగింది.

ఈ పోటీలో పెద్దల స్థానం విలక్షణమైనది. క్రీడాకారులకు దక్కే ఆదరణ ఇంజనీర్లకూ దక్కాలని, పిల్లలు వారిని దగ్గరగా చూడాలని కేమెన్ ఉద్దేశం. కాబట్టి పరిశ్రమల్లోని ఇంజనీర్లను పాఠశాలలతో జతచేశారు. దాదాపు ఆరు వారాల గడువులో ఇంజనీరు, విద్యార్థి ఒకే బల్ల దగ్గర పనిచేశారు. వడ్రంగి పక్కన కూర్చున్న శిష్యుడు చూసి, అందించి, క్రమంగా ఉలి పట్టినట్లు ఇక్కడి అభ్యాసం సాగుతుంది. పెద్దల చేయి పని మీద ఉండటాన్ని ఈ పద్ధతి తప్పుగా భావించలేదు.

దీని నుండే ఒక వివాదం పుట్టింది. కొన్ని జట్లలో ఇంజనీర్లే ప్రధాన నిర్మాతలుగా మారితే ఆ విజయం ఎవరిది? దీనికి సంస్థ ఇంత శాతం అంటూ కొలత నిర్ణయించలేదు. ఆ సమతుల్యాన్ని జట్లకే వదిలి, విలువల ద్వారా, గౌరవాల ద్వారా పెద్దల ప్రవర్తనను తీర్చే మార్గం ఎంచుకుంది. పోటీలో గట్టిగా తలపడుతూనే ఎదుటివారిని గౌరవించే ఉదాత్త వృత్తిధర్మాన్ని ఫ్లవర్స్ ప్రచారం చేశాడు. 1996లో ఆయన పేరిట మార్గదర్శకులకు పురస్కారం ఏర్పడింది. దానికి తమ మార్గదర్శిని ప్రతిపాదిస్తూ రాయవలసినవారు విద్యార్థులే. అంటే శిక్షకుడి యోగ్యతకు ప్రమాణం శిష్యుడి సాక్ష్యం.

పోటీ నియమాల్లోనూ ఈ దృష్టి కనిపిస్తుంది. ఆట జరిగే సమయంలో రోబోను నడిపే విద్యార్థుల పక్కన ‘డ్రైవ్ కోచ్’ నిలబడవచ్చు. అతడు పెద్దవాడైనా కావచ్చు, విద్యార్థి అయినా కావచ్చు. సలహా చెప్పవచ్చు గాని నియంత్రణ పరికరాలను తాకరాదు. ఆరు వారాలు కార్యశాలలో కలిసి పనిచేసిన చేయి ఆటస్థలంలో వెనక్కి తగ్గాలి.

5. పాపర్ట్ ఆలోచనలు – లెగో లీగ్:

రెండవ ధారకు మూలపురుషుడు సీమోర్ పాపర్ట్. జెనీవాలో మనోవైజ్ఞానికుడు జీన్ పియాజేతో కలిసి పనిచేసిన పాపర్ట్, 1967లో వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సోలమన్ తదితరులతో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించాడు. ఆ భాషలో ఆదేశాలిస్తే గచ్చు మీద తాబేలు వంటి యంత్రం కదిలేది. తాబేలు తప్పుదారి పడితే పిల్లవాడు తన ఆదేశాలను తానే పరీక్షించి సరిదిద్దుకుంటాడు. దోషం పరిశీలించవలసిన విషయమే తప్ప సిగ్గుపడవలసిన విషయం కాదన్నది 1980లో వెలువడిన పాపర్ట్ గ్రంథం ‘మైండ్‌స్టార్మ్స్’ సారాంశాల్లో ఒకటి. 1998లో లెగో సంస్థ విడుదల చేసిన రోబో సామగ్రికి ఆ గ్రంథం పేరే పెట్టారు.

అదే ఏడాది కేమెన్, లెగో అధిపతి కెల్డ్ కిర్క్ క్రిస్టియన్‌సెన్ కలిసి చిన్న వయసు పిల్లలకు మరో పోటీని ప్రయోగాత్మకంగా ఆరంభించారు. 1999లో అది లెగో లీగ్‌గా స్థిరపడింది. తొమ్మిదేళ్ళ నుండి పిల్లలు పాల్గొనే ఈ పోటీలో ఇంజనీరు అవసరం తప్పనిసరి కాలేదు. తల్లి, తండ్రి, గ్రంథాలయ ఉద్యోగి, భాషోపాధ్యాయుడు ఎవరైనా జట్టును నడపవచ్చు. రోబోల గురించి తెలియనివారు రోబో జట్టుకు శిక్షకులు కావడం ఇక్కడి చారిత్రక మలుపు.

ఈ మలుపు శిక్షణ స్వరూపాన్ని మార్చింది. పని పిల్లలదే, పెద్దలది మార్గదర్శనం మాత్రమేనన్న సూత్రాన్ని సంస్థ తన మౌలిక విలువల్లో చేర్చింది. తెలియకపోవడమే శిక్షకుడికి ఒక అర్హతగా మారింది. తెలియనివాడు చేసిపెట్టలేడు, ప్రశ్నలు మాత్రమే అడగగలడు. న్యాయనిర్ణేతల ముందు కూడా తమ రోబో ఆకృతికి, ఆదేశక్రమానికి కారణాలను పిల్లలే వివరించాలి. చేసిపెట్టిన పని ఆ గదిలో తేలికగా బయటపడుతుంది.

అయితే తెలియనివాణ్ణి ఒంటరిగా వదిలితే జట్టు నిలవదు. 2020 తర్వాత ఈ కార్యక్రమం 12 సమావేశాల మార్గదర్శిని ఆధారంగా చేసుకుంది. ఏ సమావేశంలో ఏ పని, ఎంత సమయం, ఏ ప్రశ్నలతో ముగింపు అన్న క్రమం అందులో ఉంటుంది. దీనివల్ల కొత్తవారికి ధైర్యం వచ్చింది. మరోవైపు, చేయనివ్వడానికి ఉద్దేశించిన కార్యక్రమం క్రమంగా చేయించడం వైపు జరిగే అవకాశమూ ఏర్పడింది. పుస్తకంలోని వరుసను పూర్తి చేయించే తొందరలో పిల్లవాడి పక్కదారి ప్రయోగం ఆగిపోతే పాపర్ట్ ఆశయం దెబ్బతింటుంది. మార్గదర్శిని ఎంత మేలైనదైనా, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో శిక్షణలోనే నేర్పాలి.

6. పరంజా భావన:

ఈ రెండు ధారలను కలిపి చూడటానికి 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ప్రచురించిన పరిశోధన ఉపకరిస్తుంది. మూడు, నాలుగు, ఐదేళ్ళ పిల్లలు చెక్కముక్కలతో పిరమిడ్ ఆకారం నిర్మిస్తుండగా పక్కనున్న బోధకురాలి సహాయాన్ని వారు పరిశీలించారు. పిల్లలు తమంతట తాము చేయగలిగినంత చేయనివ్వాలి, ముందుగా మాటతో సహాయపడాలి, అది చాలనప్పుడే చేయి కలపాలి. ఇదీ బోధకురాలు పాటించిన క్రమం. ఈ సహాయానికి వారు భవన నిర్మాణంలోని పరంజాను ఉపమానంగా తీసుకున్నారు.

గోడ లేవడానికి పరంజా కావాలి, గోడ నిలిచాక పరంజా విప్పాలి. పరంజా గోడలో భాగం కారాదు. ఆ పరిశోధకులు బోధకుడి పనులను ఆరుగా వర్గీకరించారు. ఆసక్తి కలిగించడం, పనిని సులభతరం చేయడం, గమ్యం నుండి దృష్టి మరలకుండా చూడటం, కీలకాంశాలను గుర్తుచేయడం, నిరాశను అదుపు చేయడం, చేసి చూపడం. ఈ జాబితాలో చేసి చూపడం కూడా ఉన్నదని గమనించాలి. పెద్దలు ముట్టుకోరాదన్న నిషేధం ఇందులో లేదు. అవసరాన్ని బట్టి చేయి కలపడం, అవసరం తీరగానే తీసివేయడం ఇందులోని వివేకం. ఫస్ట్ పోటీ ఇంజనీరు మొదటి సగాన్ని, లెగో లీగ్ శిక్షకుడు రెండవ సగాన్ని ఎక్కువగా ఆచరించారు.

7. నియమమా? శిక్షణా?:

పెద్దల జోక్యాన్ని అరికట్టడానికి మరో మార్గం నియమం. 2004లో సింగపూర్‌లో ఆరంభమైన ప్రపంచ రోబో ఒలింపియాడ్‌లో పోటీ జరుగుతున్నప్పుడు శిక్షకులు జట్ల పని ప్రదేశంలోకి ప్రవేశించరాదు. 2007లో మొదలైన వెక్స్ పోటీలను నిర్వహించే సంస్థ విద్యార్థి కేంద్రిత విధానం పేరిట, రూపకల్పన, నిర్మాణం, ఆదేశరచన విద్యార్థులవే కావాలని నిర్దేశించింది.

నియమం న్యాయాన్ని కొంతవరకు కాపాడగలదు. ఇంజనీరు తండ్రి ఉన్న జట్టుకు, లేని జట్టుకు మధ్య అంతరాన్ని పోటీనాడు తగ్గించగలదు. కాని ఆ రోజుకు ముందు నెలల తరబడి సాగే సాధనలో ఏ పరిశీలకుడూ ఉండడు. పోటీ ప్రాంగణంలో గీసిన గీత ఇంటి వసారాలోనో, పాఠశాల గదిలోనో ఉండదు. అక్కడ పనిచేసేది శిక్షకుడి అలవాటు మాత్రమే. అలవాటును కలిగించేది శిక్షణ. అందువల్ల నియమం శిక్షణకు తోడు కాగలదే గాని ప్రత్యామ్నాయం కాలేదు.

8. భారతదేశం – తెలుగు నేల:

భారతదేశంలో ఈ చరిత్ర వేరొక మలుపు తీసుకున్నది. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఏర్పడింది. దాని కింద 6 నుండి 12 తరగతుల విద్యార్థుల కోసం అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మంజూరయ్యాయి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం లభించింది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, మైక్రోకంట్రోలర్లు, రోబోటిక్స్ సామగ్రి పాఠశాలకు చేరాయి. 2017లో ‘మెంటర్ ఆఫ్ చేంజ్’ పేరిట స్వచ్ఛంద మార్గదర్శకులను ఆహ్వానించారు. వారు వారానికి ఒకటి రెండు గంటలు ల్యాబ్‌లో పిల్లలతో గడపాలని ఆశించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలు కూడా ఈ పథకంలో భాగమయ్యాయి.

అమెరికాలో సమస్య పెద్దల చేయి ఎక్కువ కావడం. మన ప్రభుత్వ పాఠశాలల్లో అంతకు ముందున్న సమస్య సామగ్రి బీరువాలో ఉండిపోయే ప్రమాదం. ఖరీదైన వస్తువు విరిగితే లెక్క చెప్పవలసినది స్టాకు రిజిస్టరులో సంతకం చేసిన ఉపాధ్యాయుడే. ఆయన భయం అకారణమైనది కాదు. పిల్లలు కూడా మోటారును చేతితో పట్టుకోవడం అదే మొదటిసారి కావచ్చు. ఇటువంటి చోట ‘తాకవద్దు, ప్రశ్నలే అడగండి’ అన్న విదేశీ శిక్షణా సూత్రాన్ని యథాతథంగా అనువదిస్తే ఫలితం ఉండదు. మొదటి నెలలో చేసి చూపే చేయి కావాలి. విరిగిన వస్తువును నేర్చుకోవడంలో అయిన ఖర్చుగా అంగీకరించే పాలనా పద్ధతి కావాలి. వారానికి ఒక గంట వచ్చే స్వచ్ఛందుడు, మిగతా రోజుల్లో ఉండే ఉపాధ్యాయుడు ఇద్దరూ కలిసి శిక్షణ పొందాలి. లేకపోతే ఒకరు తెరిచిన బీరువాను మరొకరు మూయవలసి వస్తుంది.

భాష మరొక అంశం. ‘ఇది ఎందుకు ఆగిపోయిందనుకుంటున్నావు?’ అని తెలుగులో అడిగితే తెలుగు మాధ్యమ విద్యార్థి తన ఊహను తన మాటల్లో చెప్పగలడు. అదే ప్రశ్న ఆంగ్లంలో వస్తే అతడు యంత్రం సంగతి వదిలి వాక్యం సంగతి ఆలోచిస్తాడు. ప్రశ్నలే సాధనమైన శిక్షణలో ప్రశ్న ఏ భాషలో ఉన్నదన్నది ఉపరితల విషయం కాదు. గేరు, సెన్సరు వంటి మాటలు అలాగే ఉండవచ్చు. కారణాన్ని, సందేహాన్ని, ఊహను వ్యక్తం చేసే వాక్యం తెలుగులో నడవాలి.

స్వచ్ఛందులకు పెద్దయెత్తున శిక్షణ ఇవ్వడం తెలుగు నేలకు కొత్త కాదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఇందుకు సాక్ష్యం. ఆ ఉద్యమాల్లో ముఖ్య శిక్షకులు, వారి ద్వారా మండల గ్రామ స్థాయి శిక్షకులు, వారి ద్వారా వాలంటీర్లు అన్న అంచెల పద్ధతి అమలైంది. పాఠం చుట్టూ చర్చ నడపడం వాలంటీరు పని. వాచకంలోని ‘సీతమ్మ కథ’ చదివిన దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది. చదివించినవారు ఊహించిన హద్దును చదువుకున్నవారు దాటారు. అక్షరాస్యత వేరు, రోబోటిక్స్ వేరు. కాని చర్చను తెరిచి పక్కకు జరగగల స్వచ్ఛందులను తెలుగులోనే తయారుచేయవచ్చునని ఆ అనుభవం రుజువు చేసింది. అంచెల శిక్షణలో కింది మెట్టుకు చేరేసరికి సారం పలచబడే బలహీనత కూడా ఉన్నది. అందుకే గిల్వెల్ సూత్రం ప్రతి అంచెలోనూ పాటించదగినది. శిక్షకుడు కాబోయేవారు తామే ఒక జట్టుగా కూర్చుని, తెలియని సామగ్రితో ఒక యంత్రం కట్టి, విఫలమై, మళ్ళీ కట్టాలి.

9. ముగింపు:

- చేసిపెట్టడం, చేయించడం, చేయనివ్వడం అన్నవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన చారిత్రక దశలు కావు. ప్రతి కార్యక్రమంలోనూ మూడూ ఉన్నాయి. వాటి పాళ్ళు మాత్రమే భిన్నం.
- ఫస్ట్ పోటీ పెద్దల నైపుణ్యాన్ని, లెగో లీగ్ పెద్దల నిగ్రహాన్ని వనరుగా స్వీకరించాయి. మొదటిదానిలో పని పరాధీనమయ్యే ప్రమాదం, రెండవదానిలో పుస్తకాధీనమయ్యే ప్రమాదం ఉన్నాయి.
- నియమాలు పోటీనాటి న్యాయానికి చాలుతాయి. సాధనకాలపు న్యాయానికి శిక్షకుడి సంస్కారమే ఆధారం.
- తెలుగు రాష్ట్రాల్లో శిక్షకుల తయారీ బీరువా తెరవడంతో, తెలుగులో ప్రశ్నించడంతో ఆరంభం కావాలి.

ఫ్లవర్స్ పురస్కారంలో ఉన్నట్లు శిక్షకుడి గురించి చివరిమాట విద్యార్థిదే కావాలి. తన యంత్రం ఎందుకు పనిచేసిందో, ఎందుకు పనిచేయలేదో ఒక పల్లెటూరి విద్యార్థిని ఎవరి వైపూ చూడకుండా వివరించగలిగిననాడు ఆమె శిక్షకుడి శిక్షణ సార్థకమైనట్లు.